ఎంగిలి పటం

నాగర్‌కర్నూలు,
1942 అక్టోబరు.

మహారాజశ్రీ గద్వాల ఫోటోల ఖాసిం సాహెబు గారికి,

నాగర్‌కర్నూలు ఆడపిల్లల బడి పంతులమ్మ లలితమ్మ నమస్కరించి రాయునది. మీరు పంపిన ఫోటో అట్టముక్కల మధ్య భద్రంగా చేరింది. ఉత్తరం మొదట క్షేమ సమాచారం రాయాలని నేనే పిల్లలకు నేర్పుతాను. కానీ ఫోటో విప్పినప్పటి నుంచి మా ఇంట్లో క్షేమం లేదు కనుక ఆ వరుస వదిలేస్తున్నాను.

మేము మీకు గుర్తుండకపోవచ్చు. పోయిన నెల సంతకు మీరు వచ్చి మా బడి వరండాలో తెర కట్టినప్పుడు, నేనూ మా అమ్మ మణెమ్మా వచ్చి కూర్చున్నాం. "గీయనేంది, నల్లగుడ్డ కప్పుకొని లోపల నిద్రపోతుండా?" అని మిమ్మల్ని అడిగింది మా అమ్మే.

ఆ రోజు ఫోటో ఎందుకో మీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పక తప్పదు. మా నాయన వెంకట్రాములు ఆరేళ్ల కింద ఒక మేస్త్రీ వెంట కూలికి రంగూన్ పోయాడు. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి, తర్వాత ఆగిపోయాయి. రంగూన్ మీద బాంబులు పడ్డాయని తెలిసినప్పటి నుంచి నాయన అన్న, మా పెద్దనాయన నాగప్ప, మా గడపలో కూర్చొని ఏడుస్తున్నాడు. "తమ్ముడు కలలకొచ్చి నీళ్లడుగుతుండు. దినాలు చెయ్యకుంటే ఆడు గట్లనే తిరుగుతడు" అంటాడు. మనిషి దొరకనప్పుడు దర్భతో బొమ్మ చేసి, దాన్నే కాల్చి దినాలు చేస్తారు కదా. కార్తీకం పోగానే ఆ పని చేయాలని కుల పెద్దలు నిర్ణయించారు. ఆ రోజే మా అమ్మ బొట్టు తుడిచి, గాజులు పగలగొడతారు. అంతకంటే ముందే, బొట్టుతో ఉన్న అమ్మ ముఖం ఒకటి నా దగ్గర ఉండాలని ఫోటో తీయించాను.

బొట్టు చక్కగా పడింది. అమ్మ ఎన్నడూ నవ్వనట్టే కూర్చుంది, అదీ సరిగ్గానే పడింది. కానీ కూర్చున్నది ఇద్దరం, ఫోటోలో ముగ్గురం ఉన్నాం. అమ్మ కుడి భుజం వెనక ఒక ఆడమనిషి నిలబడి ఉంది. పొగలాగా ఉన్నా ముఖం తెలుస్తోంది. కొప్పు, కొప్పులో పువ్వు, చిన్న నవ్వు. మా మేనత్త ఈరమ్మ దయ్యమంది. దయ్యాలు లేవని బడిలో చెప్పేదాన్ని కనుక ఇంట్లోనూ చెప్పాను, ఎవరూ వినలేదు.

ఈమె ఎవరైనా సరే, మాకు అక్కరలేదు. దయచేసి ఆమెను తీసేసి మా ఇద్దరినీ పంపగలరు. అమ్మకు బొట్టు ఉన్నప్పుడే ఇది జరగాలి. తర్వాత తీసినా అది నేను అడిగిన ఫోటో కాదు.

ఇట్లు,
లలితమ్మ.

తా.క.: "మనిద్దరికీ కుర్చీలిచ్చి ఆ పిల్లనెందుకు నిలబెట్టిండు? కాళ్లు గుంజవా?" అని అమ్మ అడగమంది.


గద్వాల,
అక్టోబరు.

లలితమ్మ పంతులమ్మకు గద్వాల ఖాసిం సలాం చేసి రాసేది.

నాకు పుస్తకాల రాత రాదు. ఎట్ల మాట్లాడ్త గట్లనే రాస్త. తప్పులుంటే ఎర్ర సిరా పెట్టకు.

మీ అత్తకు చెప్పు, దయ్యం గాదు. తప్పు నాదే. నేను శానా ఏండ్లు రంగూన్ల ఫోటోల దుకాణం నడిపిన. బాంబులు పడ్డంక ఓడ దొరికితే ఎక్కి వచ్చిన. ఇంటికొచ్చి ఏం చెయ్యాలె? నాకు దున్నరాదు, మగ్గం మీద కూసోరాదు. ఫోటోలే తీద్దమంటే, లడాయి మొదలైనంక ఫోటో పట్టే గాజు ప్లేట్లు ఎక్కడ గూడ దొరుకుతలేవు. హైదరాబాద్ల లేవు, మద్రాసుల లేవు. నా పెట్టెల మాత్రం రంగూన్ల తీసిన పాత ప్లేట్లున్నయి. గందుకని కొత్త పద్ధతి పెట్టిన. పాత ప్లేటును వేడినీళ్లల్ల నానబెడ్త. మీదున్న మనిషిని గీకి కడుగుత. మల్ల మందు పూసి కొత్త మనిషిని తీస్త.

ఒక్కొక్కసారి పాత మనిషి పూర్తిగ పోదు. కొత్త మనిషి వెనక లేస్తది. మీ ప్లేట్ల ఇంతకుముందు ఆమె ఉండె. కడిగిన గని పోలే. మందు సరిగ పట్టలే.

ఆమె రంగూన్ మనిషి. ఎవరినీ ఏం చెయ్యదు. మంచి ప్లేటు దొరికిననాడు వచ్చి మల్ల తీస్త. అంతదాక ఆమె దిక్కు చూడకుండ మీ అమ్మ దిక్కే చూడు.

ఖాసిం.

తా.క.: మీరే నయం. ఈడ ఒక ముసలమ్మ వెనక టోపీ పెట్టుకున్న దొర లేచిండు. కొడుకులు కట్టెలు పట్టుకొని నా మీదికొచ్చిండ్రు. ముసలమ్మ మాత్రం ఆ ఫోటో వాపసియ్యనన్నది.


నాగర్‌కర్నూలు,
నవంబరు మొదట్లో.

ఖాసిం సాహెబు గారికి లలితమ్మ నమస్కారాలు.

మీ ఉత్తరం నాకు ఒక్కసారికే అర్థమైంది. దాన్ని ఇంట్లో పైకి చదవడమే నేను చేసిన పొరపాటు. మా ఇంట్లో అక్షరాలు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కనుక, ఏ ఉత్తరం వచ్చినా పైకి చదవాలి. చదివింది చదివినట్టే చదువుతానని నాకు పేరు. ఆ పేరే ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది.

"ఆమె రంగూన్ మనిషి" అనేదాకా అమ్మ జొన్నలు చెరుగుతూనే ఉంది. ఆ మాటకు చేట ఆగింది.

"మీ నాయన పోయిన ఊరే గదా?"

"ఊరు అదే అమ్మా. కానీ అది హైదరాబాదంత ఊరు."

"మల్ల మొదటి నుంచి చదువు."

చదివాను. మందు దగ్గరికి వచ్చేసరికి అమ్మ లేచి నిలబడింది.

"నేననుకున్న. నేననుకుంటనే ఉన్న. ఉట్టిగ ఆరేండ్లు ఎవడుంటడు? మందు పెట్టింది!"

"మందు పెట్టింది ఆమె కాదమ్మా, ఖాసిం సాబు. అదీ ప్లేటుకు."

"ప్లేట్లనే గదనే పెట్టేది! అన్నంల కలపకుంటె చెవుల పోస్తరా?"

ప్లేటంటే అన్నం తినేది కాదనీ, గాజు పలక అనీ చెప్పాను. మా ఈరమ్మత్త మధ్యలో అందుకుంది. "ఏదైతేంది? ఆమె వాడిన ప్లేటును సరిగ కడగకుండ మీకు పెట్టిండు. ఎంగిలి పటం తెచ్చి ఇంట్ల పెట్టుకుంటిరి." అంతలోనే ఆమెకు ఇంకో సంగతి తోచింది. "అయినా వదినే, మందు సరిగ పట్టలేదని రాసిండు గద. అంటే మావోడు ఎన్నటికైనా వస్తడు!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని ఏడ్చారు. తర్వాత అమ్మ ముఖం కడుక్కొని, రూపాయంత బొట్టు పెట్టుకొని, ఫోటో చంకన పెట్టుకొని పెద్దనాయన ఇంటికి పోయింది. నేను వెనక పరుగెత్తాను. పెద్దనాయన వాకిట్లో దర్భలు ఆరబెడుతున్నాడు.

"బావా, నీ తమ్ముడు సచ్చిండంటివి. గిదేంది? సచ్చినోడు నాకు సవతినెట్ల తెచ్చిండు?"

పెద్దనాయన ఫోటో చూసి, నన్ను చూసి, మళ్లీ ఫోటో చూశాడు. దర్భలు చుట్టి అటక మీద పెట్టాడు.

బాంబుల కబురు విన్నప్పటి నుంచి అమ్మ గంజి తప్ప ముట్టలేదని మీకు రాయలేదు. నిన్న రెండు జొన్నరొట్టెలు తిన్నది. ఎందుకంటే, సవతిని తిట్టాలంటే ఒంట్లో శక్తి ఉండాలట.

నాకు సిగ్గుగా ఉంది. అయినవాళ్లలో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయి, నా చేతి మీదుగానే ఇంత మూఢత్వం ఇంట్లోకి వచ్చింది. దయచేసి ఆమెకు మా నాయనతో ఏ సంబంధమూ లేదని ఒక్క ముక్క స్పష్టంగా రాయండి.

లలితమ్మ.

తా.క.: పిల్లలెందరో కనుక్కొమ్మని అమ్మ చెప్పింది. ఆమెకు పుట్టినవాళ్లు కూడా ఈ ఇంటి పిల్లలే కదా, వచ్చేటప్పుడు ఎక్కడ పడుకోబెట్టాలి అని ఇప్పటి నుంచే ఆలోచన.


గద్వాల,
నవంబరు.

లలితమ్మకు ఖాసిం సలాం.

నీ ఉత్తరం చదివి మొదలు నవ్విన, తర్వాత నవ్వలే.

నాకు మీ నాయన తెల్వదు బిడ్డా. రంగూన్ల తెలుగోళ్లు ఇసుకలెక్క ఉండిరి. రేవుల మోసేటోళ్లు, రిక్షాలు గుంజేటోళ్లు, బియ్యం మిల్లులల్ల చేసేటోళ్లు. గండ్ల మీ నాయన ఎవరో, బతికిండో లేదో, ఉన్నదున్నట్టు చెప్తున్న, నాకు తెల్వదు. బతికిండనను, సచ్చిండనను.

ఫోటోల ఉన్న ఆమె గురించి నువ్వు అడిగినవు. రాస్తున్న, గట్టిగ చదువు: ఆమె మీ నాయన ఇంటిది గాదు. గంతే. అంతకన్న అడగకు.

నీకొక మాట. ఆ ఫోటో నాకు వాపసు పంపు. దానికి బదులు మంచిది తీసిస్త. ఆ ప్లేటు మల్ల గీకి వేరేటోళ్లకు వాడిన, నా దగ్గర లేదు. ఉన్నది మీ దగ్గరున్న కాగితం ఒక్కటే.

ఈడ నా పని ఇంకో తీరైంది. అయిజ నుంచి ఒకాయనొచ్చి, "మా అత్త ఫోటోల ఎనక ఎవరూ లెయ్యలే, మాకేం తక్కువ?" అని లడాయి పెట్టుకున్నడు. కొల్లాపూర్‌ల ఒక షావుకారి ఎనక నిండు గర్భిణి లేచింది. ఆయన భార్య పుట్టింటికి పోయింది. నేను పోయి కాళ్లు మొక్కి తెచ్చిన.

ఖాసిం.

తా.క.: ఆమె ముఖం ఎట్ల పడ్డది? కండ్లు తెలుస్తున్నయా? ఉట్టిగనే అడుగుతున్న.


నాగర్‌కర్నూలు,
నవంబరు చివర.

ఖాసిం సాహెబు గారికి,

మీరు గట్టిగా చదవమన్నారు. గట్టిగా చదివాను. ఆ మాట చెరువు అవతలికి కూడా వినపడి ఉంటుంది.

"ఇంటిది గాదట!" అంది అమ్మ.

"వింటివి గదా అమ్మా? ఏ సంబంధమూ లేదు."

"ఇంటిది గాదట వదినే, ఇంటిది గాదట!" అని ఆమె ఈరమ్మత్తను పిలిచింది. "పెండ్లి చేసుకోలే! ఉంచుకున్నడు! నేనే ఇంటిదాన్ని!"

ఇంటిది అంటే భార్య అన్న సంగతి మీకూ తట్టలేదు, ఆ మాట నోట్లోంచి బయటపడేదాకా నాకూ తట్టలేదు. అమ్మ అటుకులు కలిపి వాడకట్టంతా పంచింది. ఆరేళ్లలో మా ఇంట్లో అంత సంతోషం నేను చూడలేదు.

కానీ ఇది నవ్వుకునేదాకా ఆగలేదు. పెద్దనాయనకు మళ్లీ కల వచ్చింది. ఈసారి నాయన నీళ్లు అడగలేదు, తడిసి నిలబడ్డాడట. పెద్దనాయన కుల పెద్దలను పిలిపించాడు. వాళ్లు చావడిలో కూర్చొని ఫోటోను చేతులు మార్చుకున్నారు. ఒకాయన ఆమె మెడలో తాళి ఉందా అని ఎండకు పెట్టి చూశాడు. ఇంకొకాయన వెనక్కి తిప్పి చూశాడు, అటువైపు మా నాయన ఉంటాడేమోనని.

పెద్దనాయన చెడ్డవాడు కాదు. ఏడుస్తూనే అన్నాడు: "మణెమ్మా, నీ బొట్టు తుడుస్త అనే నోరు నాదేనా? గని నా తమ్ముడు నీళ్లల్ల నిలబడ్డడు. ఆనికి దారి చూపియ్యొద్దా?"

"ఆడు నీళ్లల్ల లేడు బావా, దాని కొంపల ఉండు" అంది అమ్మ.

చివరికి తీర్పు ఇదీ. ఆ ఆడమనిషి ఎవరో ఫోటో తీసినాయనే రాయాలి. ఆ ఉత్తరాన్ని నేను కాక, ఊరి కరణం అందరి ముందు చదవాలి. ఆమె సవతి అయితే దినాలు ఆపుతారు. కాకపోతే వచ్చే అమావాస్యకు దర్భలు కాలుస్తారు.

మీరు అంతకన్నా అడగవద్దన్నారు. అయినా అడుగుతున్నాను. ఆమె ఎవరు? పేరు రాయండి, ఎవరి మనిషో రాయండి. ఏ మాటా రెండు వైపులకు వంగకుండా రాయండి. అబద్ధం మీద నిలబడ్డ బొట్టు మా అమ్మకు వద్దు. నిజం చెప్పలేకపోతే నేను చదువుకున్నదెందుకు?

ఫోటో పంపలేను. అమ్మ దాన్ని దేవుని గూటి కింద పెట్టింది. పొద్దున లేవగానే ముందు దేవునికి మొక్కుతుంది, తర్వాత ఆమెను తిడుతుంది. ఆ వరుస తప్పదు.

లలితమ్మ.

తా.క.: కళ్లు తెలుస్తున్నాయి. ఎడమ కన్ను కొంచెం చిన్నది. నవ్వు ఆపుకుంటున్నట్టు ఉంది, ఎదురుగా ఉన్నవాళ్లు ఏదో అన్నట్టు.


గద్వాల,
డిసెంబరు.

లలితమ్మా,

ఆ ఎదురుగ ఉన్నది నేను. అన్నది నేను. ఏమన్ననో ఇప్పుడు యాదికి లేదు.

ఆమె నా భార్య. నిఖా నాడు పెట్టిన పేరు మెహరున్నిసా. వాళ్ల బర్మా పేరు మ టిన్. నేను మ టిన్ అనే పిలుస్తుంటి. పిల్లలు కాలే.

బాంబులు పడ్డనాడు కూరగాయలకు బజారుకు పోయింది. ఆకాశంల విమానాలు వస్తుంటే జనం బయటికొచ్చి చూసిండ్రు బిడ్డా, తమాషా అనుకొని. దుకాణం ముందర నేను గూడ చూసిన. తర్వాత బజారు దిక్కు పోయిన. దొరికింది. గుర్తుపట్టినందుకే దొరికిందంటున్న. వేరేటోళ్లైతే గుర్తుపట్టకపోదురు.

ఇంటికొచ్చి కొత్త పద్ధతి పెట్టిన అని నీకు రాసిన గద. దాని సంగతి గూడ విను. పెట్టెల ఉన్న ప్లేట్లల్ల మొదలు ఓడలను గీకిన. తర్వాత గుళ్లు, పడవలు. తర్వాత దొరలు. తర్వాత ఎవరెవరో వచ్చి తీసుకపోని ఫోటోలు. ఆమెవి ఎనకకు పెట్టుకుంట వచ్చిన. తినాలె గదా. ఒకనాడు ఆమెవే మిగిలినయి. ఒక్కొక్కటి నానబెట్టిన. మీ సంతకు వచ్చేనాటికి ఆఖరుది ఉండె. దాన్ని అటు దిక్కు మొకం పెట్టుకొని గీకిన. చూడకుండ గీకితే సరిగ పోతదా? పోలే. గదీ సంగతి. మందు తప్పు గాదు.

ఈ ఉత్తరం కరణం చేతికియ్యి. ఏ మాటా వంగదు. ఫోటో మాత్రం నాకు పంపు బిడ్డా. కాళ్లు మొక్కుత.

ఖాసిం.

తా.క.: మీ అమ్మను మనసుల పెట్టుకోవద్దని చెప్పు. ఆమె కోపానికి నేనేమనుకోలే. ఇంత దూరమొచ్చి గూడ మ టిన్ ఒకరింట్ల రోజూ యాదికొస్తుందంటే అదే శానా.


నాగర్‌కర్నూలు,
డిసెంబరు.

ఖాసిం చిచ్చాకు లలితమ్మ రాయునది.

మిమ్మల్ని చిన్నాయనలాగా చిచ్చా అనొచ్చో లేదో తెలియదు. సాహెబు గారు అని రాయడానికి చెయ్యి రాలేదు.

మీ ఉత్తరం బడిలో ఉండగా వచ్చింది. పిల్లలకు ఎక్కాలు రాయమని చెప్పి చదివాను. చదివాక పిల్లలను ఇంకో ఎక్కం రాయమన్నాను.

కరణానికి ఇవ్వాలని బయలుదేరాను. ముందు ఇంటికి పోయి అమ్మకు చెప్పడం న్యాయం అనుకున్నాను. నేను వచ్చేసరికి అమ్మ గూటి ముందు కూర్చొని మీ మ టిన్‌తో మాట్లాడుతోంది. రోజూ నేను బడికి పోయాక ఇదే జరుగుతున్నట్టుంది. పొద్దుటి తిట్లు మాకోసం, ఇది ఆమెకోసం.

"ఆయనకు పుండి కూరల కారం ఎక్కువుండాలె, లేకుంటె ముద్ద దిగదు. మీ దిక్కు పుండి కూర దొరుకుతదో లేదో. చలికాలం ఎడమ మోకాలు పట్టుకుంటది, ఆముదం కాచి రుద్దు. నవ్వుతవేంది? చెప్పేది విను." తర్వాత ఇంకా మెల్లగా అడిగింది. "బాంబులు పడ్డనాడు ఆయనను బయటికి పోనియ్యలే గద నువ్వు?"

చిచ్చా, నేను గడపలోనే నిలబడిపోయాను.

ఇన్నాళ్లూ అమ్మ సవతిని తిడుతోందనుకున్నాను. మా నాయనను అప్పజెప్తోంది. మీ భార్య తప్ప ఈ లోకంలో మా నాయన బతికున్నాడని చెప్పే మనిషి అమ్మకు లేదు.

నన్ను చూసి అమ్మ వెంటనే గొంతు పెంచింది. "సూడు, ఎట్ల ఇగిలిస్తుందో లంజెముండ!" అని, నా చేతిలో కాగితం చూసి, "ఏం రాసిండు?" అంది.

"అందరూ బాగున్నారా అని రాశాడు" అన్నాను. ఉత్తరంలో లేని మాట చదవడం నాకు ఇదే మొదలు.

అమావాస్య దగ్గర పడింది. మీ ఉత్తరం కరణం చేతిలో పెడితే ఆ సాయంత్రమే అమ్మ బొట్టు పోతుంది. పెట్టకపోతే పెద్దనాయన ఉత్తరం రాలేదని చెప్పి అదే పని చేస్తాడు. నిజం రాయమని మిమ్మల్ని పీడించింది నేనే. మీరు రాశారు. ఆ నిజంతో ఏం చేయాలో నాకు తెలియడం లేదు. ఇది మీ మనిషి సంగతి కనుక మీరు చెప్పినట్టే చేస్తాను. ఇవ్వమంటే ఇస్తాను.

ఫోటో కూడా మీది. ఆమెను ఒక్కదాన్నే కత్తిరించి పంపుదామని కత్తెర పట్టుకున్నాను. వీలు కావడం లేదు. ఆమె చెయ్యి మా అమ్మ భుజంలో కలిసిపోయి ఉంది. ఎటు కత్తిరించినా ఒకరికి గాయమవుతుంది. మొత్తంగానే పంపమంటే పంపుతాను.

లలితమ్మ.

తా.క.: కత్తెర నా చేతిలో చూసి అమ్మ గుంజుకుంది. "దాని సంగతి నేను చూసుకుంట, నీకెందుకు నడుమ?" అంది.


గద్వాల,
డిసెంబరు.

బిడ్డా లలితమ్మా,

దీంతో రెండు కాగితాలున్నయి. ఒకటి నీకు, ఒకటి కరణానికి. నాకు వచ్చినంత పుస్తకాల భాషల రాసిన, చిత్తు కాకుండ రెండుసార్లు రాసిన. నీకు తెల్వాలెనని గది మల్ల ఈడ రాస్తున్న:

"నాగర్‌కర్నూలు కుల పెద్దలకు గద్వాల ఫోటోల ఖాసిం రాసి ఇచ్చునది. నా ఫోటోలో ఉన్న ఆడమనిషి పేరు మ టిన్. ఈమె వెంకట్రాములుతో కాపురం ఉన్నది. ఇద్దరినీ నేను కండ్లార చూసినాను. బాంబులు పడిన నాడు ఈమె వెంకట్రాములును బయటికి పోనియ్యలేదు. తర్వాత ఇద్దరూ ఊరు విడిచి ఉత్తరం దిక్కు కొండలకు పోయినారు. లడాయి అయినంక తోవలు తెరిస్తే వస్తారు. ఇది అబద్ధమైతే ఖుదా నన్ను చూసుకుంటాడు."

కాగితం మడిచే ఉంటది, విప్పకు. మడిచినట్టే కరణం చేతుల పెట్టు. రాసింది నేను, చదివేది ఆయన. నడుమ నీ నోటికి ఏం అంటదు. నువ్వు పిల్లలకు చదువు చెప్పేదానివి, నీ నోరు గట్లనే ఉండాలె. ముందు రాసిన నిజం ఉత్తరం మాత్రం పొయ్యిల పెట్టు.

ఖుదా పేరు ఎందుకు రాసినవంటవేమో. ఆయనతోని నాకు వేరే లెక్కలున్నయి, గండ్ల ఇదొకటి కలుపుకుంటడు. ఆమెను ఇంకొకని మనిషి అని రాసేటప్పుడు మాత్రం జరసేపు కలం ఆగింది. మ టిన్ ఉంటే ఏమంటుండె అనుకున్న. నవ్వుతుండె. తర్వాత నాలుగు దినాలు మాట్లాడకపోతుండె.

మీ నాయన వస్తడో రాడో నాకు తెల్వదు. వస్తే సంతోషం. ఒక్కడే వచ్చి, ఆమె ఎవరో నాకు తెల్వదంటే మీ అమ్మ నమ్మదు. ఆయన తిప్పలు ఆయనవి.

ఫోటో పంపకు. శానా యోచన చేసిన. నా దగ్గరుంటే ఆమె సచ్చిపోయిన మనిషి. పెట్టెల పెట్టి, ఏడ్పొచ్చిననాడు తీసి చూస్త. మీ ఇంట్ల ఆమె కాపురం చేస్తుంది. ఎవరికో పుండి కూర వండుతుంది, మోకాలికి ఆముదం రుద్దుతుంది. పొద్దుగాల తిట్లు పడుతుంది. బజారుకు పోలే. ఆడనే ఉండనియ్యి.

మంచి ప్లేటు దొరికినా నేను మీ ఊరికి రాను. వస్తే ఆ ఫోటో ముందర నిలబడి చూస్త. మీ అమ్మ తెలివిగలది, నా మొకం చూసి కనిపెడ్తది.

మీ పెద్దనాయనకు నీళ్ల కల ఆగకుంటే, బీచుపల్లి కాడ కృష్ణల ఇన్ని నీళ్లిడిసి రమ్మను. ఎవరి పేరు మీద అని నదికి చెప్పే పనిలేదు. ఎవరికి అందాలెనో వాళ్లకు అందుతయి.

నీ చిచ్చా,
ఖాసిం.

తా.క.: మీ అమ్మను తిట్టొద్దనలేను. గని జర మెల్లగ తిట్టమను. మ టిన్‌కు తెలుగొస్తది.